రాజమ్మ జూనిపర్ కుండీ

చిత్తూరు, 1944. జ్యేష్ఠం, సోమవారం రాత్రి.

రేపు ఏరువాక. తొలి పిడికెడు విత్తనం చల్లే చెయ్యి నాదేనని అత్త ఈ సాయంత్రం అందరి ముందూ తేల్చేసింది.

మా నాయన తోటమాలి. ఆయన దొర బంగళా నుంచి పంపిన జూనిపర్ అనే సీమ చెట్టు కొమ్మలను అత్త శివరాత్రి తర్వాత కోడళ్ళిద్దరికీ పంచి, ఎవరివి వేరు తొడిగితే వాళ్ళది మంచి చెయ్యి అంది. నేను మొదళ్ళను కలబంద గుజ్జులో ముంచి ఇసుకలో గుచ్చాను. "దేంట్లో ముంచినావక్కా?" అని తోడికోడలు రాజమ్మ అడిగింది. బెల్లం పాకంలో అన్నాను. నమ్మింది. ఆమె కొమ్మలకు చీమలు పట్టాయి, నావి వేరు తొడిగాయి.

"నీ కడుపులో నిలవదు, నీ చేతిలో బతకదు. ఇంగ విత్తనం నీకెట్లిచ్చేదే?" అంది అత్త రాజమ్మతో, ఆమె కుండీలోని ఎండుపుల్లలు చూసి. నవ్వు కనపడకుండా కొంగు అడ్డం పెట్టుకున్నాను. నేనేదో ఏడుస్తున్నాననుకుని రాజమ్మ నా వీపు నిమిరింది!

దీపాల వేళ ఆమె కుండీ పారబోద్దామని వెళ్ళాను. ఒక్క కొమ్మ మాత్రం పచ్చగా ఉంది. లాగి చూస్తే మొదట్లో తెల్లటి వేరు, దారప్పోగంత. పాకంలో ఎలా బతికిందో మహాతల్లి! ఆ వేరును గోటితో గిల్లేసి, కొమ్మను ఉన్నచోటే మళ్ళీ గుచ్చాను. జూనిపర్ చచ్చినా చాలా రోజులు పచ్చగానే కనబడుతుందని నాయన చెప్పేవాడు.

ఇది రాస్తుండగానే పెరట్లోంచి రాజమ్మ కేక. "అక్కా, ఒగటి పచ్చగానే ఉండాది! బతుకుతాదా?"

"బతుకుతాదిలే. దినమూ నీళ్ళు పొయ్యి" అన్నాను.