పట్టుకుపోయిన గోలీలు

అమ్మా,

సిరిసిల్లలో అందరం బాగున్నామని రాద్దామంటే నువ్వే రాయనివ్వలేదు.

బండి మీద నుంచి పడ్డప్పుడు నీ అల్లుడి తలకు తగిలింది చిన్న దెబ్బే. తరువాత దిగులు పట్టుకుంది. మెదడు తేరుకునేదాకా వాడాలని జగిత్యాల డాక్టరు గోలీలు రాశాడు. వాటితో నిద్ర పట్టింది, మళ్లీ సాంచాల మీద బట్ట నేసే పనికి పోయాడు. మొన్న చూడడానికి వచ్చిన నువ్వు అవి పిచ్చి గోలీలనుకుని, చెప్పకుండా సంచిలో వేసుకుని కోరుట్ల బస్సెక్కావు. అత్తమ్మ ఇంకా నవ్వుతోంది: "మీ అమ్మ సద్ది కట్టుకపోయినట్టు గోలీలు కట్టుకపోయింది గదనే." నాకు నవ్వు రాలేదు.

వేరేవి తెచ్చాను. ఆయన ముట్టడం లేదు. "మీ అమ్మ సుత నన్ను పిచ్చోడనుకుంటుంది, ఇంకెందుకు మింగాలె" అంటున్నాడు. మధ్యలో ఆపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఫోన్లో నిన్ను కోప్పడడానికి నాకు నోరు రాదు, అందుకే కార్డు. నీకు చదివిపెట్టే శ్రీలత వదిన వాడకట్టంతా చెబుతుంది. చెప్పనీ.

మామిడి తొక్కు పెట్టావా? బాపు మోకాలు ఎలా ఉంది? ఆయనకు నా దండాలు చెప్పు.

ఆదివారం రా. నీ చేత్తో గోలీ ఇస్తే నీ అల్లుడు కాదనడు. నీళ్ల గ్లాసు పట్టుకుని పక్కన నేను నిలబడతాను.

నీ బిడ్డ
నీల