పొమ్మనేదాకా

మార్చి 3, సోమవారం

నా కొడుకు సుదర్శన్ వీపు మీద లాఠీ వాతలు ఈరోజు నల్లబడ్డాయి. కొబ్బరినూనె రాయబోతే నా చెయ్యి తోసేశాడు. ఎవరు ముట్టుకున్నా వాడికి గిట్టదు. నొప్పి ఉన్నచోట అసలే గిట్టదు.

వాడు రోజూ సాయంత్రం పాత బస్టాండు దాకా నడిచి పోయి, బస్సుల బోర్డులు చదువుకుని ఇంటికి వస్తాడు. వాడి లోకంలో అదొక్కటే సుఖం. మొన్న శనివారం అక్కడ ఎవరిదో పర్సు పోయిందట. పోలీసు ఒకాయన వీణ్ణి ఆపి నీ పేరేందిరా అన్నాడట. వీడూ నీ పేరేందిరా అన్నాడు. అడిగిన మాటనే తిరిగి చెప్పడం వాడికి చిన్నప్పటి నుంచీ ఉన్నదే. ఆటిజం అని బెంగళూరు డాక్టరు మూడో ఏటనే చెప్పింది. ఇప్పుడు ఇరవై రెండు. ఆరడుగుల ఎత్తు, మీసాలు. ముద్దుగా అనిపించే వయసు దాటిపోయింది. ఆ పోలీసు ఎగతాళి అనుకుని చెయ్యి పట్టుకున్నాడు. వీడు విదిలించుకుని పరిగెత్తాడు. పరిగెత్తినవాడు దొంగ కాక ఏమవుతాడు?

పోలీసు మీద కంటే నాకు అక్కడున్న సోడా బండి ఆయన మీద ఎక్కువ కోపంగా ఉంది. ఆయనకు వీడు ఏళ్ళుగా తెలుసు. నోరు తెరవలేదు.

మార్చి 5, బుధవారం

మా ఆయన గేటుకు తాళం వేశాడు. ఇంక వాడు బయటికి పోయేది లేదని తీర్పు. పొద్దంతా అంగడిలో నూనె డబ్బాల మధ్య కూర్చునే మనిషికి తీర్పులు చెప్పడం సులువు. సాయంత్రం ఐదింటికి ఇంట్లో ఉండేది నేను.

మార్చి 8, శనివారం

ఐదు కాగానే చెప్పులు వేసుకుని గేటు దగ్గరికి పోతాడు. గేటు తెరుచుకోదు. తలతో కొడతాడు. నేను నా అరచెయ్యి అడ్డం పెడతాను. అప్పుడు మణికట్టు కొరుక్కుంటాడు. ఈరోజు రక్తం వచ్చింది. మా అత్త రాజ్యలక్ష్మమ్మ దేవుడి ముందు కూర్చుని ఏడ్చింది. నాకు ఏడవడానికి తీరిక లేదు.

బయటికి పంపితే వాళ్ళు కొడతారు. లోపల ఉంచితే వాడే కొట్టుకుంటాడు. ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోవాలట. నేను ఎంచుకోను.

మార్చి 17, సోమవారం

రమణి ఫోన్ చేసింది. సుదర్శన్ పోయే సెంటర్‌లో స్పెషల్ టీచర్. ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేసే రంగనాథ్ అనే అతను VR ట్రైనింగ్ ఒకటి తయారు చేశాడట. కళ్ళకు హెడ్‌సెట్ పెడితే లోపల రోడ్డు, పోలీసు, జీపు అన్నీ నిజంగా ఉన్నట్టే కనిపిస్తాయట. ఆటిజం ఉన్నవాళ్ళు పోలీసు ఆపితే ఏం చేయాలో అందులో నేర్చుకుంటారట. తప్పు చేస్తే మళ్ళీ మొదటి నుంచి. దెబ్బలు ఉండవు.

మా ఆయన గుర్రానికి గంతలు కట్టినట్టా అన్నాడు. గుర్రం బయటికన్నా పోతుంది కదా అన్నాను.

మార్చి 24, సోమవారం

మొదటి రోజు. నా భయమంతా హెడ్‌సెట్ తలకు పెట్టనిస్తాడా లేదా అనే. పెట్టనిచ్చాడు. వాడికి తెరలంటే ఇష్టం. మనుషుల మొహం చూడనివాడు తెరలో మొహాన్ని రెప్ప వేయకుండా చూస్తాడు.

వాడు చూసేది లాప్‌టాప్‌లో మాకూ కనిపిస్తుంది. పోలీసు వచ్చి, దయచేసి మీ పేరు చెప్పండి అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. కర్నూల్లో ఏ పోలీసు దయచేసి అంటాడు? రంగనాథ్ మొహం చిన్నబుచ్చుకున్నాడు. పాపం, మంచివాడే. అయినా చెప్పక తప్పదు కదా. ఈ మర్యాద నేర్చుకుని బయటికి పోతే మావాడు మళ్ళీ దెబ్బలు తింటాడు అన్నాను.

రమణికి మారెన్న అని మామ ఉన్నాడు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయ్యాడు. ఆయన గొంతు రికార్డ్ చేద్దామంది.

ఏప్రిల్ 4, శుక్రవారం

మారెన్న గొంతు పెట్టారు. ఏయ్, యాడికి పోతాండావు, ఈడ నిలబడు, పేరేంది. మొదట సుదర్శన్ చెవులు మూసుకున్నాడు. నాలుగోసారికి చేతులు దించాడు.

మూడు నేర్పుతున్నారు. చేతులు కనిపించేలా పెట్టాలి. పేరు చెప్పాలి. ఆటిజం ఉందని రాసిన మెడలోని కార్డు చూపించాలి. నాలుగోది నేను పెట్టించాను. పోలీసు పొమ్మనేదాకా కదలకూడదు. పరిగెత్తినందుకే కదా కొట్టింది. మారెన్న చివర్లో "సరే, పోప్పా" అంటాడు. అప్పుడు సీన్ అయిపోయి ఒక బస్సు వస్తుంది. బోర్డు చదువుకోవచ్చు. బస్సు రంగనాథ్ ఆలోచన.

కదలకూడదు అన్నదాన్ని రమణి ఒప్పుకోలేదు. పొమ్మనకపోతే ఎట్ల మేడం, ఎంతసేపని ఉంటాడు అంది. వాడి వీపుకు మందు రాసేది నువ్వా నేనా అని అడిగాను.

ఏప్రిల్ 12, శనివారం

గుంజలాగా నిలబడ్డాడు! రంగనాథ్ కావాలనే పోలీసు చేత అరిపించాడు, జీపు హారన్ కొట్టించాడు, కుక్కను తెచ్చాడు. మావాడు కదల్లేదు. కార్డు రెండు చేతులతో పట్టుకుని పేరు చెప్పి నిలబడ్డాడు. "సరే, పోప్పా" వినపడగానే కదిలాడు. నేను చప్పట్లు కొడితే చెవులు మూసుకున్నాడు. ఇంటికి వచ్చి పాయసం చేశాను.

ఏప్రిల్ 20, ఆదివారం

తాళం మా ఆయనే తీశాడు. నేను దూరంగా వెనక నడవాలని షరతు. నడిచాను. రాజ్‌విహార్ సర్కిల్ దగ్గర బండ్లు చెక్ చేస్తున్న పోలీసు ఒకాయన వీణ్ణి ఆపాడు. చెరకు రసం బండి పట్టుకుని నిలబడ్డాను. వీడు కార్డు చూపించాడు. ఆయన చదివాడు. సరే పోప్పా అన్నాడు. అచ్చం అదే మాట. ఈ ఊళ్ళో అందరూ అనేది అదే కదా. వీడు పోయాడు. నేను ఆ బండి దగ్గరే ఏడ్చాను. రసం ఆయన నా దగ్గర డబ్బులు తీసుకోలేదు.

మే 6, మంగళవారం

నిప్పులు చెరుగుతోంది. సుదర్శన్ సెంటర్‌కు ఒక్కడే పోయి వస్తున్నాడు. నేను ఆవకాయ పెడుతున్నాను.

మే 15, గురువారం, ఆస్పత్రి

నిన్నటి సంగతి రాయాలి. రాయకపోతే నా తల పగులుతుంది.

పదిన్నరకు సెంటర్‌కు పంపాను. నడిస్తే దగ్గరే. మధ్యాహ్నం రమణి ఫోన్ చేసి ఈరోజు సుదర్శన్ రాలేదేం మేడం అంది. చేతికి కారం ఉంది. కడుక్కోకుండానే పరిగెత్తాను. రోడ్డు పొడవునా తాళ్ళు కట్టి ఉన్నాయి. పొద్దున ఎవరో పెద్దమనిషి కాన్వాయ్ పోయిందట. అప్పటికే పోలీసులు ఎవరూ లేరు. మలుపు దగ్గర, చెట్టు లేదు, షెడ్డు లేదు, ఎండలో మావాడు నిలబడి ఉన్నాడు. కార్డు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. మొహం ఎర్రగా కాలిపోయింది. పెదవులు తెల్లగా ఉన్నాయి. ఒంటి మీద చుక్క చెమట లేదు.

పక్కన ఆటో డ్రైవర్ ఏసేపు చెప్పాడు. కాన్వాయ్ వచ్చే ముందు కానిస్టేబుల్ ఒకాయన వీణ్ణి ఈడనే నిలబడు అని ఆపాడట. తిట్టలేదు, కొట్టలేదు. కార్డు చూసి భుజం కూడా తట్టాడట. కార్లు పోయాక జీపు వస్తే అందరితోపాటు ఎక్కి పోయాడట. మర్చిపోయాడు. నీడకు రమ్మని ఏసేపు రెండుసార్లు పిలిస్తే వీడు తన పేరు చెప్పాడట.

రా నాయనా అన్నాను. సుదర్శన్ అన్నాడు. చెయ్యి పట్టి లాగాను. ఆరడుగుల మనిషి, కదల్లేదు. గట్టిగా లాగితే అరిచాడు. జనం మూగారు. ఎందుకమ్మా పిల్లోణ్ణి అట్ల లాగుతావు అని ఒకామె నన్ను కసురుకుంది. సరే పోప్పా అన్నాను. నా గొంతు వాడికి చెల్లలేదు. నేను పోలీసును కాను. నీళ్ళు నోటికి పెడితే మొహం తిప్పుకున్నాడు. సీన్‌లో నీళ్ళు లేవు. నేను పెట్టించలేదు.

ఏసేపు ఆటో పరదా ఊడదీసి వాడి తల మీద పట్టుకున్నాడు. మారెన్న ఊళ్ళో లేడని రమణి ఫోన్లో చెప్పింది. నేను ఏసేపు నంబరు తీసుకుని ఇంకో ఆటోలో దగ్గరున్న స్టేషన్‌కు పోయాను. అందరూ బందోబస్తుకు పోయారు. గేటు దగ్గర సెంట్రీ ఒక్కడే తుపాకీతో ఉన్నాడు. కాళ్ళు పట్టుకున్నాను. ఖాకీ వేసుకున్న మనిషి వచ్చి రెండు మాటలు చెబితే నా బిడ్డ బతుకుతాడు సార్ అన్నాను. పిచ్చిదాన్ననుకున్నాడు. తర్వాత నా మొహం చూసి కొంచెం మెత్తబడ్డాడు.

"నా డ్యూటీ దిగేదాకా నేను ఈడనుంచి కదలగూడదమ్మా," అన్నాడు.

ఇద్దరూ ఒకటే. ఇద్దరికీ ఒకటే నేర్పారు. నాకు నవ్వో ఏడుపో తెలియనిది ఏదో గొంతులోంచి వచ్చింది. అప్పుడే తట్టింది. ఏసేపుకు వీడియో కాల్ చేశాను. సెంట్రీ ఫోన్ వైపు చూడనన్నాడు. వైరల్ చేస్తారు, ఉద్యోగం పోతాది అన్నాడు. రికార్డ్ చేయడం నాకు రాదు సార్, నా బిడ్డ మీద ఒట్టు అన్నాను. అవతల ఏసేపు ఫోన్‌ను వాడి మొహానికి ఎదురుగా పెట్టాడు. వాడు తెరలోకి చూశాడు. సెంట్రీ టోపీ సర్దుకున్నాడు.

"సరే, పోప్పా."

మావాడు చేతులు దించాడు. నడిచాడు. రెండడుగులు వేసి పడిపోయాడు. ఫోన్లో నాకు ఆకాశం కనిపించింది.

మే 17, శనివారం, ఆస్పత్రి

కళ్ళు తెరిచాడు. కిడ్నీల టెస్టులు మళ్ళీ చేస్తారట. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు. మా ఆయన మంచం కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మే 24, శనివారం

ఇంటికి వచ్చాం. గేటుకు మళ్ళీ తాళం. ఈసారి నేను అడ్డం చెప్పలేదు.

రమణి వచ్చి ఏడ్చింది. మన ట్రైనింగ్ ఫెయిల్ అయింది మేడం అంది. కాదు రమణీ, బాగా పని చేసింది, అదే కదా అన్నాను. ఆ రోజు నువ్వు అడిగింది నేను వినలేదు అని కూడా అన్నాను. అనాలి కాబట్టి అన్నాను. అందువల్ల నాకేం తేలిక కాలేదు.

మే 29, గురువారం

మళ్ళీ తల కొట్టుకుంటున్నాడు.

జూన్ 2, సోమవారం

రంగనాథ్ దగ్గరికి పోయాను. కొత్త సీన్ కావాలి అన్నాను. పోలీసు నిలబడమని చెప్పి పోతాడు, తిరిగి రాడు. ఎండ కాలుతుంది. అప్పుడు వాడు నీడకు పోవాలి, నీళ్ళు అడగాలి. పొమ్మనకపోయినా పోవాలి. పోలీసు మాట వినొద్దని నేర్పే సీన్‌కు కాలేజీలో పైవాళ్ళు పర్మిషన్ ఇవ్వరట. ఇచ్చినా, ఎప్పుడు వినాలో ఎప్పుడు వినకూడదో వీడికి విడమరిచి చెప్పేది ఎట్లా అన్నాడు. అది నాకే తెలియదు. నిలబడితే ఎండ చంపుతుంది, కదిలితే లాఠీ. ఈ రెండింటి మధ్య ఎంత సందు ఉందో మామూలు మనుషులకు ఒంట్లోనే తెలుస్తుంది. వాడికి నేను నేర్పాలి.

వస్తూ వస్తూ మారెన్న ఇంటికి పోయి పాత యూనిఫాం చొక్కా ఒకటి అడిగి తెచ్చుకున్నాను.

జూన్ 5, గురువారం

మిద్దె మీద నాలుగు రోజులుగా అదే పని. ఖాకీ చొక్కా వేసుకుని ఈడనే నిలబడు అంటాను. నిలబడతాడు. నేను పోయి తలుపు చాటు నుంచి చూస్తాను. నీళ్ళ చెంబు వాడికి కనిపించేచోటే పెడతాను. వాడు చెంబును చూస్తాడు, కదలడు. నాకే తట్టుకోలేక పరిగెత్తి పోయి సరే పోప్పా అంటాను. చొక్కా ఉంటే నా మాట చెల్లుతోంది. కన్నతల్లి కంటే చొక్కా పెద్దది. మా అత్త నన్ను రాక్షసి అంది.

జూన్ 8, ఆదివారం

ఈరోజు నీళ్ళు అన్నాడు. ఈడనే నిలబడు అని అడ్డం నిలుచున్నాను. రెండు చేతులతో నన్ను తోసేసి పోయి చెంబు ఎత్తి తాగాడు.

పిట్టగోడకు కొట్టుకుని నా మోచెయ్యి చీరుకుపోయింది. సంతోషంతో కూర్చుండిపోయాను. ఇదే పని బయట నిజం పోలీసును చేస్తే ఏమవుతుందో తలుచుకుంటే అక్షరాలు సరిగా పడటం లేదు.

అప్పుడు మాత్రం లేచి చొక్కా దులుపుకుని, ఇంకోసారి చేద్దాం రా నాయనా అన్నాను.