ఎవరూ తాగని అంబలి

అక్కా,

నేను, నీ తమ్ముణ్ణి. నువ్వు పోయి ఈ కాఫీ పండ్ల కోతకి ఏడేళ్లు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నీ కూతురు పార్వతి పాడేరులో ఇంటర్ చదువుతోంది, సెలవులకి ఇంటికొచ్చింది. పొడుగైంది. నడక మాత్రం నీదే.

ఒక సంగతి నీకు చెప్పుకోవాలని రాస్తున్నాను. మన బళ్లో పనిచేసిన నాటకం మాస్టారు తిరిగొచ్చాడు. అదే నాటకం మళ్లీ వేస్తాడట, అదే బడి ఆవరణలో. నువ్వు వేసిన వంటమనిషి వేషం పార్వతికి ఇస్తానంటున్నాడు. అది సంబరపడిపోతోంది. నేను మొదట అవుననలేదు, కాదనలేదు. సంత రోజుకల్లా చెప్పమన్నాడు.

పదేళ్లు కనపడని మనిషి ఇప్పుడెందుకు వచ్చాడు?

ఆ కథ నీకు గుర్తుండే ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు ఎప్పుడో రాసుకున్న దెయ్యాల నవల అన్నాడు మాస్టారు. మంచు కొండ మీద పాత బంగళా. దొర పిల్లలు ఒకరి తరవాత ఒకరు మంచం పడతారు. తప్పంతా ఎక్కణ్ణుంచో తెచ్చిన నల్ల వంటమనిషిది. ఆమె పాలు కలిపితే విషం, ఆమె చూస్తే జ్వరం. ఆమెను తరిమేశాక గాని బంగళాకి శాంతి ఉండదు. అంత లావు పుస్తకంలో ఆమెకి ఒక్క మాట లేదట. మాస్టారు ఆ బంగళాను మన కాఫీ తోటల్లోకి తెచ్చి, ఆమెకి మాటలు రాశాడు. ఆమె విషం కలుపుతుండగా చూసినవాళ్లెవరు అని అడగడమే ఈ నాటకం అన్నాడు.

నువ్వు పడీ పడీ నవ్వావు. "దీనికి ఇంగ్లీసు పుత్తకం ఏటికిరా? సిల్లంగి ఎలా పుడతాదో మన ఊరోళ్లనడిగితే సెప్పరేటి!" అన్నావు. చిల్లంగి, అదే చేతబడి, పేరెత్తడానికే జంకే ఊళ్లో నువ్వలా నవ్వావు.

నాటకం చివర నువ్వు సొరబుర్రలో రాగి పిండితో కాచిన చోడి అంబలి పట్టుకుని జనం ముందుకి రావాలి. నా చేతిది తాగేవాళ్లెవరైనా ఉన్నారా అని అడగాలి. ఎవరో ఒకరు లేస్తారని, తాగుతారని, అక్కడితో నాటకం అయిపోతుందని మాస్టారి ఊహ. ముందుగా ఎవరికీ చెప్పిపెట్టలేదు. దానంతటదే జరగాలన్నాడు. మైదానపు మనిషి. ఆయనకేం తెలుసు? పగవాడు అంబలి ఇచ్చినా మనం ఒక గుక్క తాగి పక్కన పెడతాం. అసలు ముట్టకుండా వదిలేది చిల్లంగి మనిషి ఇచ్చినప్పుడే.

ఎవరూ లేవలేదు. నువ్వు నిలబడే ఉన్నావు... ఎంతసేపో. ఆఖరికి నువ్వే తాగేసి మూతి తుడుచుకున్నావు. "పోన్లెండర్రా, నా కడుపైనా నిండింది" అన్నావు. జనం నవ్వారు. నాటకం బాగుందన్నారు.

ఆ నెలలోనే ఊళ్లో ఇద్దరు పిల్లలకి జ్వరం తగిలింది. మాస్టారికి బదిలీ అయింది. ఊట దగ్గరికి నువ్వొస్తే ఆడవాళ్లు బిందెలు పక్కకి జరుపుకున్నారు. నాట్లకి పిలవడం మానేశారు. నువ్వు గుంట పార్వతిని తీసుకుని ఊరి చివర పాకలోకి పోయావు. "ఏసం తీసేసినా రంగు పోనేదురా తమ్ముడా" అనేదానివి. నీకు మలేరియా ముదిరిన రోజు డోలీ మార్చి మార్చి మొయ్యడానికి నలుగురు కావాలి. ఇద్దరమే దొరికాం. రోడ్డు చేరేసరికి నువ్వు మాట్లాడటం మానేశావు.

ఇప్పుడు మాస్టారి చేతిలో వీడియో కెమెరా ఉంది. నువ్వున్న పాక ఎక్కడని అడిగాడు. జ్వరం వచ్చింది ఎవరి పిల్లలకని అడిగాడు. నీ ఫోటో ఉందా అన్నాడు. లేదన్నాను. ఉంది.

నిన్ను నాటకంలో పెట్టి పట్నంలో చప్పట్లు కొట్టించుకుంటాడా? తను చేసిన పని ఊరి నెత్తిన రుద్దుతాడా? నాటకం అయ్యాక ఆయన బస్సెక్కుతాడు. పార్వతి నీళ్లకి ఊటకే కదా పోవాలి?

వారం రోజులు ఆయన వెనకే తిరిగాను. ఎవరితో మాట్లాడినా పక్కన నిలబడ్డాను. "మావయ్యా, నువ్వేటి సీఐడీనాగ తిరగతన్నావు?" అని పార్వతి ఎగతాళి చేసింది.

మొన్న హుకుంపేట టీకొట్టులో ఆయన టీ తేవడానికి లేచినప్పుడు నోటుపుస్తకం బల్ల మీదే వదిలాడు. తీసి చదివాను. అట్ట ఊడిన పాత పుస్తకం. ఆ రోజు సంగతి అందులో రాసుకున్నాడు. అంబలి పట్టుకుని ఆమె మొదట తమ్ముడి వైపు చూసిందని. ముందు వరసలో ఉన్న అతను తల దించుకున్నాడని. అతను లేచి ఉంటే మిగతావాళ్లూ లేచేవారని. కింద ఒక్క ముక్క: తప్పు నాది, ఎవరినీ అడక్కుండా ఆమెను నిలబెట్టాను.

పదేళ్లుగా ఆయనకి తెలుసు. వారం నుంచి పక్కనే తిరుగుతున్నా నన్ను ఒక్క మాట అనలేదు.

నువ్వు చూశావని నాకూ తెలుసు అక్కా. అప్పుడు నా ఇంట్లో నెల నిండని నా పసిగుడ్డు. నిన్ను నమ్మక కాదు... నమ్మానా? ఏమో, ఎందుకైనా మంచిదనుకున్నాను. నీ చేతి కూడు తిని పెరిగినవాణ్ణే అలా అనుకుంటే, మిగతావాళ్లు ఇంకేమనుకుంటారు? నువ్వు మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. ఎందుకు అడగలేదు?

నిన్న మాస్టారికి చెప్పాను. పార్వతికి ఇష్టమైతే వెయ్యనివ్వండి. కాని ఈసారి జనంలోంచి ఎవరో లేస్తారని వదిలెయ్యొద్దు. అంబలి వద్దనే మనిషి వేషం ఒకటి పెట్టండి, అది నాకివ్వండి. ఎందుకు వద్దన్నానో ఊరందరి ముందు చెప్తాను. ఆయన నోటుపుస్తకం తెరిచాడు. మాటలు రాసిస్తానన్నాడు.

అక్కర్లేదన్నాను.

నేను తల దించుకున్న సంగతి పార్వతికి తెలియదు. అప్పుడది చిన్న గుంట, నాటకం సగంలోనే నిద్రపోయింది. మొదటిసారి స్టేజీ మీద వినకూడదు. రేపు చోడి కోతకి మేమిద్దరమే పోతున్నాం. చేను చేరేలోపు చెప్తాను. విన్నాక నాతో కలిసి వేస్తుందో, నా మొహమే చూడదో, అది దాని ఇష్టం.

చెప్తాను అక్కా.

నీ తమ్ముడు