తారాదేవి పలకని తాళంచెవి

బుకిట్ పంజాంగ్,
గురువారం.

గౌరవనీయులైన దశరథరామయ్య అంకుల్‌కి,

మన తెలుగు సంఘం వాయిస్ మెసేజ్ సర్వర్ చూసుకునే నిశాంత్ నమస్కారాలు. పోయిన నెల ఎవరో దొంగలు సర్వర్లో దూరి, మన ప్రెసిడెంటు గారి గొంతుతో అందరికీ లాటరీ తగిలిందని మెసేజ్‌లు పెట్టిన సంగతి మీకు తెలుసు. ఆ రోజే పిన్ నంబర్లన్నీ తీసేశాను. ఇప్పుడు వాయిస్ పెట్టె తెరవాలంటే, సంఘంలో చేరినప్పుడు రికార్డు చేసిన గొంతుతోనే, పెట్టె ఎవరి పేరున ఉందో ఆ పేరు చెప్పాలి. మూడుసార్లు తప్పితే తాళం పడుతుంది. ఫోన్లో ఏ గొంతునీ నమ్మలేం కాబట్టి, తాళం గొడవలన్నీ సంతకం పెట్టిన కాగితం మీదే.

మీ పెట్టెకి నిన్న తాళం పడింది అంకుల్. ఒక ఆడమనిషి తెరవబోయింది. ఆవిడకి మీ పేరు కూడా తెలీదు. సర్వర్ పేరు అడిగితే మొదటిసారి "ఆయనదేనండి" అంది. రెండోసారి "మా అభిషేక్ వాళ్ళ నాన్నగారిది" అంది. మూడోసారి "అందరికీ తెలిసిందేగా" అంది. ఇంకా విచిత్రం, గొంతు సరిపోయిందని సర్వర్ ఒప్పుకుంది. మగవాళ్ళ పెట్టెకి ఆడగొంతు సరిపోయిందంటే ఇది పెద్ద ముఠా పని. ఆంటీకి చెప్పాలో వద్దో మీరే ఆలోచించుకోండి.

మీ విధేయుడు,
నిశాంత్

తా.క. రికార్డింగులో వెనక కుక్కర్ విజిల్ వినిపిస్తోంది. దొంగ వంటింట్లోంచి పనిచేస్తోంది.

*

వుడ్‌ల్యాండ్స్,
శనివారం.

చిరంజీవి నిశాంత్‌కి ఆశీస్సులు.

నీ ఇంటికి మా ఇంటి నుంచి బస్సులో అరగంట. ఆ అరగంటకి నీ ఉత్తరం రెండు రోజులు తీసుకుంది. రూలు రూలే, కాదనను.

దొంగ దొరికింది నాయనా. ముప్ఫై ఏళ్ళుగా మా ఇంట్లోనే ఉంటోంది, నాకు అన్నం పెడుతోంది. నీ ఉత్తరం చదివి వినిపించాను. దొంగ అన్నందుకు మీ ఆంటీ ఏమీ అనుకోలేదు. "ఆడమనిషి అని రాస్తాడా, ఆంటీ అనడానికి ఏం రోగం" అంది.

గొంతు సంగతి చెబుతాను. సంఘంలో చేరిన రోజు భోజనాల దగ్గర కుర్చీలు దొరకవని, టిష్యూ పాకెట్ పెట్టి రెండు చోప్ చెయ్యడానికి, అదే ముందుగా ఆపిపెట్టడానికి, నేను వెళ్ళాను. ఈలోగా నా వంతు వచ్చింది. మీ ఆంటీ నిలబడి ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి వచ్చేసింది. అలా పేరు నాది, గొంతు ఆవిడది అయ్యాయి. ఇంట్లోనూ అంతే కాబట్టి నేను పట్టించుకోలేదు.

అసలు చిక్కు, ఆవిడ నా పేరు పలకదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళ నాయనమ్మ చెప్పిందట. ఆయుష్షు ఎవరిదో ఆవిడా చెప్పలేదు, ఈవిడా అడగలేదు.

ఆ పెట్టెలో విజయనగరం నుంచి వాళ్ళక్క అరుంధతి పెట్టిన మెసేజ్ ఉందిరా. మా గృహప్రవేశానికి వచ్చి "వంటిల్లు అగ్గిపెట్టెలా ఉందే" అంది పెద్దావిడ. "మీ ఇంట్లో అగ్గిపెట్టె వెతకాలంటే ఒక పూట పడుతుందిలే" అంది చిన్నావిడ. అప్పటినుంచి మాటల్లేవు. ముందు ఫోన్ చేసినవాళ్ళు ఓడినట్టు. పెట్టెలో మాట్లాడితే ఫోన్ చేసినట్టు కాదని ఇప్పుడు వదినగారికి తోచింది. అక్క ఏమందో వినకుండా మీ ఆంటీకి ముద్ద దిగడం లేదు. కాస్త తాళం తియ్యి.

ఇట్లు,
దశరథరామయ్య

తా.క. ఆంటీకి చెప్పాలో వద్దో నన్నే ఆలోచించుకోమన్నావు చూడు, దానికి మాత్రం నీకు ప్రత్యేకంగా ఆశీస్సులు.

*

బుకిట్ పంజాంగ్,
మంగళవారం.

గౌరవనీయులైన అంకుల్‌కి, ఆంటీకి,

క్షమాపణలు. ఆంటీకి రెండుసార్లు.

చూశాను. విజయనగరం నంబరు నుంచి మూడు నిమిషాల మెసేజ్ ఉంది. నేను వినకూడదు, వినలేదు. పెట్టెని కొత్తగా మొదలుపెడితే పాత మెసేజ్‌లు పోతాయి. మొదలుపెట్టకపోయినా నెలాఖరుకి సర్వర్ అన్నీ తుడిచేస్తుంది. ఆదివారం సాయంత్రం తాళం తీసి ఉంచుతాను, మళ్ళీ మూడు అవకాశాలు. ఆంటీ పేరు చెప్పేస్తే అయిపోతుంది. ఇక్కడివాళ్ళన్నట్టు, సింపుల్ లా.

ఆయుష్షు గురించి మా అమ్మని అడిగాను. మా అమ్మ నాన్నని పేరు పెట్టే పిలుస్తుంది. కోపం వస్తే ఇంటిపేరు కూడా కలుపుతుంది. నాన్న ఆరోగ్యంగానే ఉన్నారు.

మీ విధేయుడు,
నిశాంత్

తా.క. ఇది చదివి నాన్న "ఆరోగ్యంగా అన్న మాట కొట్టెయ్" అన్నారు. సంతకం పెట్టేశాక కొట్టివేతలు చెల్లవు.

*

వుడ్‌ల్యాండ్స్,
సోమవారం.

చిరంజీవి నిశాంత్‌కి,

ఆదివారం సాయంత్రం మీ ఆంటీ స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని ఫోన్ తీసింది. సర్వర్ పేరు అడిగింది. ఆవిడ నా పేరు కాగితం మీద రాసి ఫోన్‌కి చూపించింది. మీ సర్వర్‌కి చదువు రాదని అప్పుడు తెలిసింది.

రెండోసారి "రాములవారి నాన్నగారి పేరు, దాని వెనకాల రాములవారి పేరే, చివర అయ్య" అంది. మా ఊళ్ళో ఏ పిల్లాడైనా చటుక్కున చెప్పేస్తాడు. మీ సర్వర్ "సారీ, అర్థం కాలేదు" అంది. "రాములవారి తండ్రెవరో తెలియనిది తెలుగు సంఘంలో ఏం పనిచేస్తుందండీ" అని మీ ఆంటీ నన్ను నిలదీసింది. ఆ నిలదీతే మూడో జవాబు కింద లెక్కేసుకుని మీ సర్వర్ తాళం వేసుకుంది.

నాకొక ఉపాయం తోచింది. ఆ తాళం మాట నా పేరు కాకుండా "ఏమండీ" అని పెట్టు. రోజుకి వందసార్లు అంటుంది, మరిచిపోయే ప్రమాదం లేదు.

ఇట్లు,
దశరథరామయ్య

తా.క. కాగితం మీద నా పేరు రాయడంలో గుణింతం తప్పు పోయింది. పలకని పేరు కదా, పాపం అలవాటు లేదు.

*

బుకిట్ పంజాంగ్,
బుధవారం.

గౌరవనీయులైన అంకుల్‌కి,

మీ ఉపాయం సంఘం కమిటీ ముందు పెట్టాను. ఎవరు లీక్ చేశారో కానీ, సాయంత్రానికల్లా చాలామంది ఆంటీలు తమకీ "ఏమండీ" కావాలని సంతకాలు పెట్టి పంపారు. ఒకటి రెండు మూడు నాలుగు తరవాత ఇంత బలహీనమైన పాస్‌వర్డ్ నేను చూడలేదు. పైగా టీవీలో సీరియల్ పెడితే చాలు, ఆ మాట వినిపిస్తూనే ఉంటుంది. తిరస్కరించక తప్పలేదు.

శనివారం నెలాఖరు. ఆ సాయంత్రం ఆఖరిసారి తాళం తీసి ఉంచుతాను. ఈసారి ఒక్కటే అవకాశం. తరవాత నా చేతిలో ఏమీ ఉండదు అంకుల్. ఆంటీ ముద్ద దిగడం లేదన్నారు, నాకూ బాగాలేదు.

మీ విధేయుడు,
నిశాంత్

తా.క. ఒక ఆంటీ మాత్రం "ఏమండీ" వద్దు, "వినపడుతోందా" అని పెట్టమన్నారు. అది మా అమ్మ.

*

వుడ్‌ల్యాండ్స్,
ఆదివారం.

చిరంజీవి నిశాంత్‌కి,

నిన్న సాయంత్రం మీ ఆంటీ నన్ను మా బిల్డింగు కింద ఖాళీ జాగాలో, అదే వాయిడ్ డెక్‌లో కూర్చోమంది. "మీరు ఎదురుగా ఉంటే నోరు రాదు. చెప్పేసి పిలుస్తాను" అంది. ముప్ఫై ఏళ్ళకి నా పేరు పలకబోతోంది, అదీ నేను లేనప్పుడు. వెళ్ళి కూర్చున్నాను. ఎంతసేపటికీ పిలుపు లేదు. ఆయుష్షు నాదో ఆవిడదో అక్కడే తేలిపోయిందేమోనని గబగబా పైకొచ్చాను.

ఫోన్లో మాట్లాడుతోంది. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది, మళ్ళీ నవ్వుతోంది. సర్వర్ ఇంత బాగా మాట్లాడుతుందా అనుకున్నాను. సర్వర్ కాదు, వాళ్ళక్క.

"పేరు నాలిక చివరిదాకా వచ్చిందండీ. అంతకంటే అక్కకి ఫోన్ చెయ్యడమే సులువనిపించింది" అంది.

సంతోషించాలో చిన్నబుచ్చుకోవాలో తెలీక టీ పెట్టుకున్నాను.

పెట్టెలో ఏం చెప్పావని అడిగిందట. పెద్దావిడ కాసేపు నసిగి, "ఏం చెప్పానే, ఏమీ చెప్పలేదు. ఫోన్ పట్టుకుని ఎలా మొదలెట్టాలో తెలీక అలా కూర్చున్నాను, అదే కట్టయిపోయింది" అందట. నువ్వు తాళం మీద తాళం వేసి కాపాడిన మూడు నిమిషాలూ అదేనయ్యా. ఇప్పటికి తుడిచేసి ఉంటావు. పరవాలేదు, ఇద్దరూ కలిసి గంటన్నర మాట్లాడి నష్టం పూడ్చారు. వచ్చే నెల వదినగారు మా అగ్గిపెట్టెలోకి వస్తోంది. నువ్వూ మీ అమ్మానాన్నా భోజనానికి రండి.

ఇట్లు,
దశరథరామయ్య

తా.క. పెట్టె ఆవిడ పేరు మీదకి మార్చెయ్యి. ఈసారి గొంతు నాది పెడదామని నిన్న సాధన చేశాను. ఇన్నేళ్ళూ "ఇదిగో", "ఏమోయ్" తప్ప ఏమని పిలిచానో గుర్తు రాలేదు. ధైర్యం చేసి హాల్లోంచి "తారా" అన్నాను. వంటింట్లోంచి కొంగు సర్దుకుంటూ వచ్చి, "ఎవరండీ వచ్చారు?" అంది.