ఒక్కతే బిడ్డ

తాండూరు, మంగళవారం రాత్రి

ఈ ఉదయం పదకొండింటికి, వృద్ధాప్యంపై పరిశోధించే బృందం మా పక్కింటి మల్లమ్మ పెద్దమ్మకు మతిమరుపు జబ్బని తేల్చింది. కోస్తా నుంచి వచ్చిన పరిశోధకుడు "మీకు బిడ్డలెంతమంది?" అని అడిగాడు.

"ఒక్కతే బిడ్డ సారూ, బషీరాబాద్‌ల ఇచ్చినం."

ఇద్దరు కొడుకులు పక్కనే ఉన్నారు. వాళ్లను మరిచిపోయిందని రాసుకున్నాడు. ఇక్కడ బిడ్డంటే కూతురని నేను చెప్పాను. ప్రశ్న మార్చే అధికారం తనకు లేదన్నాడు. జవాబు అర్థం చేసుకోవడానికి కూడా అధికారం కావాలా?

పెద్దకొడుకు అప్పుడే మొదలుపెట్టాడు. "అమ్మా, రేపటి సంది మేకలెంబడి పోకు. తప్పిపోతవ్."

"గా సారుకు తెలుగు రాకుంటె నా మేకలేం జేసినయిరా?"

ఇంకెన్ని ఊళ్లలో, ఎంతమంది ముసలివాళ్లకు ఇలాగే రాశాడో...

గురువారం వికారాబాద్‌లో పెద్దమ్మకు మళ్లీ పరీక్ష. ప్రశ్నలు అవేనట.