కుర్చీ మీది చెయ్యి

మ్యూజియం అధికారి గారికి,

"అక్కడికి వెళ్ళాక నీ బొమ్మ మళ్ళీ వేస్తానురా" అని మా అక్క యాభై ఎనిమిదేళ్ళ కిందట మాట ఇచ్చింది. వెయ్యలేదు. పోయిన ఏడాది కన్నుమూసింది.

విదేశాల్లో చదువుకున్న మన ఊరి చిత్రకారిణుల ప్రదర్శనలో ఆమె బొమ్మ నిన్న చూశాను. కుర్చీలో కూర్చుని చొక్కాకు గుండీ కుడుతున్నది మా అమ్మ. కుర్చీ వీపు మీద మణికట్టు దాకా కనబడే చెయ్యి "పరాయి దేశంలోని ఒంటరితనానికి ప్రతీక" అని కింద మీరు పెట్టిన చీటీ చెబుతోంది. నేనూ నాలుగు పుస్తకాలు చదివినవాణ్ణే. అది నా చెయ్యండీ. అప్పుడు నాకు పదేళ్ళు. "కదిలావంటే ఆరు వేళ్ళు వేస్తాను సన్నాసీ" అని బెదిరిస్తూ అక్క నన్ను మూడు ఆదివారాలు నిలబెట్టింది. అంత సంతోషంగా నేను మళ్ళీ ఎక్కడా నిలబడలేదు.

అక్క విదేశానికి ప్రయాణమైన నాడు ఆ బొమ్మ వేసిన అట్ట ఆమె పెట్టెలో పట్టలేదు. పుస్తకాలకు బైండింగు చేసే మా నాన్న కత్తి తీసి, "ఎటు కొయ్యమంటావే?" అని అడిగాడు. అటు అమ్మ, ఇటు నేను.

"తమ్ముడి వైపు కొయ్యి నాన్నా. వాడేమీ అనుకోడు," అంది అక్క.

నా మొహం ఉన్న ఆ ముక్కను ఇన్నాళ్ళూ దాచుకుని, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. బొమ్మ పక్కన పెట్టి, చీటీలో "చిత్రకారిణి తమ్ముడు" అని రాయించండి, చాలు. కోసిన నాన్న మీద నాకు కోపం లేదు. పక్కనే నిలబడ్డ నన్ను ఒక్క మాటైనా అడగకుండా, నా తరఫున జవాబు చెప్పేసిన మా అక్కనే ఇప్పటికీ తప్పుపడుతున్నాను.