ప్రెసిడెంట్ కప్పిన శాలువా

మల్లన్నా,

నువ్వు కాలం చేసి ఇయ్యాల్టికి ఏడాదైంది. ఈ ఉత్తరం నీకు చేరదని నాకెరుకే. అయినా ఇంకెవ్వలకు చెప్పుకోవాలె?

ఊరుగాని ఊరు ఈ కోసాడ్‌ల బట్ట నేసే సాంచలు నడిపే మనోళ్ల ఫుట్‌బాల్ టీముకు నీ తర్వాత నేనే కోచ్‌ను. సాంచల కాడ నన్నెవ్వలు పేరువెట్టి గూడ పిలువరు. గ్రౌండ్‌ల మాత్రం కోచ్ సాబ్ అంటరు. ఇప్పుడు వరుసగా మూడు మ్యాచులు ఓడినం. పన్నెండు గంటల డ్యూటీ దిగి వచ్చినోళ్ల కాళ్లు ఎట్ల ఉరుకుతయే? గీ మాట నువ్వు చెప్పినప్పుడు గూడ ఎవ్వలు ఇనలే.

ఇయ్యాల పొద్దుగాల ప్రాక్టీస్ కాడికి టీమును నడిపే మన సంఘం ప్రెసిడెంట్ వచ్చిండు. అందరి ముంగట నాకు శాలువా కప్పి, "నీ మీద మాకు పూరా భరోసా ఉన్నది, బేఫికర్ ఉండు" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు.

నీకు గూడ గిట్లనే కప్పి, గివే మాటలు చెప్పి, వారం తిరగకముందే తీసేసిన్రు. ఆ రోజు శాలువా పళ్లెం పట్టుకొని నీ పక్కన నిలవడ్డది నేనే. నీ జాగ నాకిస్తమని అప్పటికే నాకు మాటిచ్చిన్రు. నేను నోరు మెదపలే అన్నా.

ఇయ్యాల ఆ పళ్లెం మన గోల్‌కీపర్ సత్తయ్య చేతుల ఉండె. వాడు నా మొఖం దిక్కు చూడలే. నా మెడల ఏలాడుతున్న నీ విజిల్ దిక్కే చూస్తుండె.